ఎక్కడైనా పట్టేస్తోందా?

“మీ అమ్మగారికి ఉండేదా ఇది?” అని అడిగింది డాక్టరు, నా కుడికాలి బొటనవేలి పక్కన లేచిన బుడిపెను వేలితో తట్టి చూస్తూ. “ఎక్కువగా వంశంలో వస్తుంది.”

“మా అమ్మ పాదం గీత గీసినట్టు తిన్నగా ఉంటుందమ్మా. మా అత్తగారికి ఉండేదట,” అన్నాను.

డాక్టరు నవ్వింది. “అత్తగారి నుంచి నగలొస్తాయి గానీ ఎముకలు రావండీ.”

నేనూ నవ్వాను. అప్పటికి అది నవ్వులాటే.

బొటనవేలు పక్కవేలి మీదికెక్కి కూర్చుని మూడేళ్ళయింది. ఎముక కోసి, తిన్నగా నిలబెట్టి, రెండు స్క్రూలు బిగిస్తానంది డాక్టరు. ఆరు వారాల్లో అతుక్కుంటుందట. ఈలోగా వేలు మళ్ళీ పక్కకు తిరిగిందంటే మాత్రం ఇంకోసారి సరిచెయ్యడం కుదరదు, కీలును కదలకుండా అతికించెయ్యడమేనని కూడా చెప్పింది. అలా అతికిస్తే నడవచ్చు గానీ వేలు వంగదు. నాకు నడక ఒక్కటే చాలదు. నేను జోళ్ళ పైతోలు కుట్టే మనిషిని. తోలును చెయ్యి తిప్పుతుంది గానీ, పెడల్ మీద సూదిని నడిపేది బొటనవేలే. అది వంగకపోతే మిషను నా మాట వినదు. మిషను వినకపోతే ఆ ఇంట్లో నేనెందుకో నాకే తెలియదు.

మాది జోళ్ళ దుకాణం. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో పని, దాని పక్క గదిలో మేము. మావారు చెక్కపాదాలు చెక్కుతారు. అంటే మనిషి కాలి కొలతకు సరిగ్గా చెక్కతో చేసిన పాదం. దాని మీద నేను కుట్టిన తోలు లాగి బిగించి, కింద అడుగు వేస్తారు. గిరాకీకి ఒక జత చొప్పున గోడ పొడుగునా అరల్లో నాలుగు వందల పాదాలు, వేళ్ళు మా వైపు పెట్టి నిలబడి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు జడుసుకుంటారు. మాకు అవి కుండలూ చట్టీలతో సమానం.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మనిషి కాలు మారినా కొత్త చెక్క చెక్కరు. ఎక్కడ లావెక్కిందో అక్కడ తోలు ముక్క అతికిస్తారు. మనిషి పోతే ఆ ముక్కలు పీకేసి, ఉత్త చెక్కను అడుగు అరలో పడేస్తారు. పారెయ్యడం మాత్రం ఉండదు.

ఇంకో పద్ధతి మావారిది. జోడు ఎంత బాగా కుదిరినా, గిరాకీని ఎత్తుపీట మీద కూర్చోబెట్టి, తాను నేల మీద మోకాళ్ళు వేసి, జోడు ముందువైపు బొటనవేలితో నొక్కి, “ఎక్కడైనా పట్టేస్తోందా?” అని అడగందే చేతికివ్వరు. ఊరవతల నుంచి కూడా ఆ ఒక్క మాట కోసం వస్తారు. అడుగులకు మడుగులొత్తడం మీ దగ్గర నేర్చుకోవాలని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఆపరేషను బాగానే జరిగింది. కుట్లు చూసి, “దూరం దూరంగా వేశారే,” అన్నాను. “మీరు వేసుకుంటారా?” అంది డాక్టరు. అడుగు రాయిలా ఉండే ఆసుపత్రి చెప్పు ఒకటి తొడిగి, చంకల కింద కర్రలు పెట్టి ఇంటికి పంపారు. పగలంతా కాలు రెండు దిళ్ళ మీద పెట్టుకుని పడుకోవాలి.

వంటావార్పూ చూడ్డానికి వదిన వచ్చింది. మావారి అక్క. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి, నోటికి కూడా బలపమే కట్టుకుంది. “ఏమే అమ్మాయ్, కాళ్ళు బార్లా చాపుకుని పడుకునే యోగం మా వంశంలో నీకే పట్టింది,” అంటూ వచ్చీ రాగానే పొయ్యి దగ్గర చేరింది. ఆవిడ ఉంటే ఇల్లు సందడిగా ఉంటుంది. అందుకే నాకు మొదట్లో ఏమీ వినబడలేదు.

పదిహేనో రోజున కుట్లు తీసి కట్టు తగ్గించారు. వేలు చూసుకుంటే ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళ క్రితం పోగొట్టుకున్న వస్తువు దొరికినట్టుంది. మరునాడు పొద్దున్నే మంచం పక్కన గోధుమరంగు కాగితం పరిపించి, దాని మీద కాలు ఊరికే ఆనించి, పెన్సిలుతో చుట్టూ గీత గీశాను. గిరాకీల కొలత మేం అలాగే తీస్తాం. రోజూ అదే కాగితం మీద, అదే చోట మడమ పెట్టి గీస్తే, వేలు నిలబడుతోందో లేదో నాకు డాక్టరు కన్నా ముందే తెలుస్తుంది.

రెండో రోజు గీత మీద గీత పడింది. మూడో రోజూ అంతే. నాలుగో రోజు బొటనవేలి దగ్గర పెన్సిలు ములికంత పక్కకు పడింది. చెయ్యి వణికిందేమో అనుకున్నాను. అయిదో రోజు ఇంకో ములికి జరిగింది.

ఆ మధ్యాహ్నమే వదిన గరిటె పట్టుకుని వంటింట్లోంచి విసురుగా వచ్చింది. “నీకు బుద్ధుందా? డాక్టరు కాలు కింద పెట్టొద్దంటే పనిగదిలో షికార్లేంటే? పైగా అచ్చం అమ్మలా ఈడుస్తూ! నా గుండె జారిపోయింది...”

గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేను మంచం మీద ఉన్నాను. కాలు దిళ్ళ మీద ఉంది. కర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. మావారు తోలు తేవడానికి బజారుకెళ్ళారు.

“ఎలుకలేమో వదినా,” అన్నాను.

“ఎలుకలు కుంటవు,” అంది వదిన. గరిటె కొసన పులుసు కారి నేల మీద పడుతున్నా చూసుకోలేదు.

ఆ మరునాడు నేనూ విన్నాను. మధ్యాహ్నం మూడింటికి, ఎండ పనిగది సగం వరకూ వచ్చే వేళ. ఒక అడుగు టక్కున పడుతుంది, రెండోది నేలను రాసుకుంటూ వస్తుంది. అరల పొడుగునా నడిచి, నా మిషను దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి మళ్ళింది. ఆ నడక నాకు కొత్త కాదు. పోయిన నెల దాకా నేను నడిచిన నడకే. నా నడకను నేను పడుకుని వింటున్నాను.

మావారికి చెబితే, “ఇంట్లో ఊరికే పడుకుంటే అలాగే వినిపిస్తాయి,” అన్నారు, నిమ్మకు నీరెత్తినట్టు. ఆ వారం డాక్టరు ఎక్స్‌రే ఫొటో తీసి చూసి మొహం చిట్లించింది. “రెండు డిగ్రీలు తిరిగింది. నడుస్తున్నారా?” అంది. లేదన్నాను. “ఇంకో మూడు తిరిగితే మాత్రం కీలు అతికించక తప్పదండీ.” ఇంటికొచ్చి కాగితం చూసుకున్నాను. అక్కడ అప్పటికి ఎనిమిది గీతలు, మొదటి మూడూ తప్ప అన్నీ బొటనవేలి దగ్గర విడిపోయి, పక్కవేలి వైపు ఒరుగుతున్నాయి.

రెండు రోజుల తర్వాత వదిన పనిగది తడిబట్టతో తుడిచి, కాళ్ళు చాపుకుని నా మంచం పక్కన కూర్చుంది. తలుపు తీసే ఉంది. మేమిద్దరం చూస్తుండగానే తడినేల మీద ఒక పాదం ముద్ర పడింది. దాని ముందు ఇంకొకటి పడింది. ఎడమది మామూలుగా ఉంది. కుడిదానికి బొటనవేలి పక్కన బుడిపె స్పష్టంగా ఉంది. ముద్రలు అరల దాకా వెళ్ళి, మూడో అర ముందు రెండు కాళ్ళూ జోడించి ఆగాయి. తర్వాత ఆరిపోయాయి.

నేను కర్రలు అందుకున్నాను. భయం లేక కాదు. వేలు నాది, మిషను నాది, ఇది తేల్చుకోకపోతే రెండూ పోతాయి.

ముద్రలు ఆగిన చోట మూడో అరలో ఉన్నది నా చెక్కపాదమే. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉంది. దాన్ని నేను ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు. చెక్క ఆయన పని, తోలు నా పని. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టం. ఆ రోజు కుడిదాన్ని దించి, ఒళ్ళో పెట్టుకుని చూశాను. మడమ చుట్టూ తోలు ముక్క, పాదం మీద ఇంకో ముక్క. జిగురు పాతబడి అంచులు లేచాయి. గోటితో లాగితే ఊడొచ్చాయి. తర్వాత బుడిపె మీద గోరు పెట్టాను. అక్కడ లాగడానికి ఏమీ లేదు.

బుడిపె తోలు కాదు, చెక్క.

మా పని తెలిసిన వాళ్ళకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. కాలికి తర్వాత వచ్చింది ఏదైనా తోలుతోనే ఉండాలి. చెక్కలో ఉన్నదంటే మొదటి రోజు నుంచీ ఉన్నదని. నేను ఈ ఇంట్లో కాలు పెట్టిననాడు నా పాదం తిన్నగా ఉంది. తిప్పి అడుగు చూశాను. మడమ కింద కాల్చి వేసిన నెలవంక గుర్తు ఉంది.

“అది అమ్మ గుర్తు,” అంది వదిన, నా భుజం మీంచి. “నాన్న చెక్కాడు అది.”

నేను వచ్చేసరికి అత్తగారు పోయి నాలుగు నెలలు. ఆవిడను నేను ఫొటోలోనే చూశాను. ఆ ఫొటో నడుము దాకానే ఉంది.

మావారు రాగానే చెక్కపాదం ఆయన బల్ల మీద పెట్టాను. “ఇది ఎవరిది?”

“నీదే.”

“తిప్పి చూడండి.”

ఆయన తిప్పలేదు. తలొంచుకుని కూర్చున్నారు. “పెళ్ళి వారంలోకి వచ్చింది. నీకు జోడు చెయ్యాలి. చూస్తే నీ పొడుగూ అమ్మ పొడుగూ వెంట్రుకవాసి తేడా లేదు. మంచి చెక్క. మడమ దగ్గరొకటి, మీదొకటి ముక్క వేస్తే సరిపోయింది. తర్వాత తీరిగ్గా నీది చెక్కుదామనుకున్నా.”

“ఇరవై రెండేళ్ళు తీరలేదా?”

“ఇంట్లో మనిషివే కదా. పట్టేస్తే నువ్వే చెప్తావనుకున్నా.”

“అడిగితే చెప్పేదాన్ని.”

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. మొదట్లో పట్టేసింది. పదకొండు నెలలు పట్టేసింది. బొటనవేలిని ఎవరో లోపల్నుంచి పట్టుకుని పక్కకు తోస్తున్నట్టుండేది. ఊరంతా పొగిడే పనివాడు తన చేత్తో చేసిన జోడుకు కొత్త పెళ్ళాం వంక పెడుతుందా? నోరు మూసుకున్నాను. ఆ తర్వాత పట్టెయ్యడం మానేసింది. జోడు మారలేదు, కాలు మారింది.

“నిన్నే కాదే, అమ్మనీ అడగలేదు వీడు,” అంది వదిన. ఆవిడ గొంతు అంత చిన్నగా వినడం అదే మొదలు. “పోయే నెల కూడా మొత్తుకుంది. ‘ఒరేయ్, జోడు పట్టేస్తోందిరా, వెడల్పుగా ఒకటి కుట్టరా’ అని. ‘గిరాకీలవి అవ్వనీ అమ్మా’ అన్నాడు.” ఆగి, అరల వైపు చూసింది. “ఇన్నాళ్ళూ నీ కాలితో తిరిగింది అమ్మాయ్. ఇప్పుడు ఆ కాలు లేదు. మళ్ళీ చేసుకుంటోంది.”

మావారు లేచి కొత్త చెక్క తీశారు. నా మొదటి రోజు గీత ముందు పెట్టుకుని బాడిస పట్టారు. ఆయన చెక్కుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. చెయ్యి తడుముకోదు. గంటన్నరలో పాదం తేలింది. ఆకురాయితో నున్నగా చేసి, బల్ల మీద పెట్టి, వెనక్కి జరిగారు. బొటనవేలి పక్కన బుడిపె ఉంది. గీతలో లేదు, చెక్కలో ఉంది. దాన్ని పక్కన పడేసి ఇంకోటి మొదలుపెట్టారు. దానికీ వచ్చింది. రెండోసారి ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటిని పరాయివాళ్ళవిలా చూశారు.

నాకు కోపం తగ్గలేదు. కానీ ఆ చేతులు చూస్తే ఒక మాట తట్టింది. “పట్టుకున్న జోడు అవ్వకుండా ఇంకోటి మొదలెట్టకూడదని మీరే కదా అంటారు. ముందు ఆవిడది చెయ్యండి,” అన్నాను.

మెత్తటి తోలు నేనే ఎంచాను. అరవేలు వెడల్పు ఎక్కువ పెట్టి కత్తిరించాను. కుడికాలు స్టూలు మీద పెట్టి ఎడమకాలితో మిషను తొక్కాను. కుట్లు నా పెళ్ళి నాటి కుట్లలా వంకర పోయాయి. మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఆ మూడు మధ్యాహ్నాలూ నడక నా కుర్చీ వెనక వచ్చి ఆగేది. వెనక్కి తిరగలేదు. “వస్తోంది, కాస్త ఆగండి,” అని గిరాకీలకు చెప్పినట్టే చెప్పాను. మెడ మీద వెంట్రుకలు మాత్రం ఆ మాట వినలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మావారు జోడు బిగించి, అడుగు వేసి, మెరుగు పెట్టారు. ముందు గదిలో ఎత్తుపీట ముందు, గిరాకీ కాలు ఆనించే వాలుబల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టారు. పీట మీద ఎవరూ లేరు. వదిన లోపలి గుమ్మంలో, నేను కర్రల మీద. ఆయన మోకాళ్ళు వేశారు. ఖాళీ జోడు ముందువైపు బొటనవేలు ఆనించి నొక్కారు.

“ఎక్కడైనా పట్టేస్తోందా?” అన్నారు. గిరాకీలతో అనే గొంతే. తర్వాత అది కొడుకు గొంతయింది. “అమ్మా, పట్టేస్తోందా?”

వేలు తీశారు. నొక్కిన చోట పడిన గుంట నెమ్మదిగా లేచింది. తర్వాత కుడి జోడు లోపలి పక్కన, కీలు ఉండే చోట, తోలు లోపల్నుంచి బయటికి ఉబ్బింది. తగ్గింది. మళ్ళీ ఉబ్బింది. లోపల ఒక వేలు, ఇక్కడ, ఇక్కడ, అని చూపిస్తున్నట్టు.

వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన మాత్రం లేవలేదు. తడిబట్ట తెచ్చి ఆ చోట తోలు నానబెట్టి, సుత్తి పిడి లోపల పెట్టి, పది నిమిషాలు ఓపిగ్గా సాగదీశారు. కళ్ళలోంచి కారుతున్నది తుడుచుకోలేదు. మళ్ళీ వాలుబల్ల మీద పెట్టి నొక్కి అడిగారు. తోలు కదల్లేదు. గది కూడా కదల్లేదు.

అప్పుడు కొత్త తోలు కిర్రుమంది. ఒక అడుగు, ఇంకో అడుగు. ఈడ్పు లేదు. రెండూ సమంగా పడుతూ గది దాటాయి. వీధి తలుపుకున్న గంట ఒకసారి మోగింది. తలుపు తెరుచుకోలేదు. జోడు వాలుబల్ల మీదే ఉంది. చెయ్యి పెట్టి చూశాను. అప్పుడే విప్పినట్టు లోపల వెచ్చగా ఉంది.

మరునాడు గీత మీద గీత పడింది. ఆ తర్వాతా అంతే. ఆరో వారం చివర డాక్టరు ఫొటో వెలుగుకు పెట్టి చూసి, “ఆగిపోయింది. అతుక్కుంది. ఇక దేన్నీ అతికించక్కర్లేదు. రెండు డిగ్రీలు కాస్తా నాలుగయ్యాయి, అవి అలాగే ఉంటాయి, పర్వాలేదా?” అంది. పర్వాలేదన్నాను. అవి అత్తగారి నుంచి వచ్చినవే, చెబితే మళ్ళీ నవ్వుతుందని చెప్పలేదు.

వదిన పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. అత్తగారి చెక్కపాదం ముక్కలేవీ లేకుండా, ఆవిడ జోడుతో పాటు పై అరకెక్కింది. మావారు నాకు కొత్తది చెక్కారు. ఈసారి చెయ్యి మాట వింది. పైతోలు నేనే, నా కుడికాలితోనే కుట్టుకున్నాను. ఇన్ని జరిగినా, నన్ను అడగలేదన్న విషయం మా ఇద్దరి మధ్య మళ్ళీ మాటల్లోకి రాలేదు. ఆయన నా మొహం వైపు సరిగ్గా చూడడం మానేశారు. నేను అడగదలచుకోలేదు. అడగాల్సింది నేను కాదు.

జోడు పూర్తయిన రోజు, ఎప్పటిలాగే, “ఇదిగో,” అని చేతికివ్వబోయారు.

నేను అందుకోలేదు. ముందు గదిలోకి నడిచి, ఎత్తుపీట ఎక్కి కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళలో దాన్ని తుడిచానే గానీ ఎక్కలేదు. అక్కడి నుంచి దుకాణం వేరుగా కనిపిస్తుంది.

ఆయన జోడు పట్టుకుని వెనకే వచ్చారు. నా ముందు మోకాళ్ళు వేసి, రెండు కాళ్ళకూ తొడిగి, కుడి బొటనవేలి మీద వేలు ఆనించారు.

“ఎక్కడైనా పట్టేస్తోందా?”

ఘాటుగా ఏదో అనాలని వారం నుంచీ సిద్ధం చేసుకున్నాను. ఒక్క ముక్కా రాలేదు. అత్త పోయిన ఆరు మాసాలకు కోడలి కంట నీరొచ్చిందని సామెత. నాకు ఇంకొంచెం ఎక్కువ పట్టింది.

“పట్టేస్తోందా?” అన్నారాయన కంగారుగా, తలెత్తి.

“లేదు,” అన్నాను. “ఇంకోసారి అడగండి.”